మెరవకూడని గొట్టం

అమ్మా, కంగారుపడకు, నా ఉద్యోగం ఊడలేదు.

తెల్ల రక్తకణాల మీద కొక్కేల్లా ఉండే గ్రాహకాలను వెతికిపట్టి మెరిపించే యాంటీబాడీలతో కదా నా పని! సోమవారం గొట్టాలన్నీ ధగధగా మెరిశాయి. పెద్ద డాక్టరమ్మ మురిసిపోయింది. తీరా చూస్తే, సరిచూసుకోడానికని దేనికీ అతుక్కోని ఉత్తుత్తి యాంటీబాడీ వేసిన గొట్టం కూడా మెరిసింది. కణాలను ముందు సీరంలో నానబెట్టకపోతే అడ్డమైనదాన్నీ పట్టేసుకుంటాయి. ఆ నానబెట్టడం మరిచింది నేనే. అడగకముందే ఒప్పేసుకున్నాను.

"వారం పనంతా బూడిదలో పోసిన పన్నీరే కదమ్మాయ్!" అందావిడ.

రేపు మొదటి నుంచి చేస్తాను, చేసి తీరతాను. నా ఉన్ని స్వెట్టరు పంపు, ల్యాబులో ఒకటే చలి.

నాన్నకు దండాలు. ఆయన రక్తపరీక్ష బాగా వచ్చిందని రాశావు. విసుక్కోకుండా ఇంకోసారి చేయించు. అక్కడా నాలాంటి మతిమరుపుదే కూర్చుని ఉంటుంది.

నీ చిట్టి