ఒకటికి పెట్టిన కొమ్ము

అన్నయ్యకు,

నమస్కారాలు. నేను క్షేమం. నువ్వూ వదినా చంటిదీ బాగున్నామని రాశావు, సంతోషం. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆపేసి ఉంటే బాగుండేది. మిగతాది చదివాక ఒళ్ళు మండింది.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. గది మారలేదు, కిటికీ ఇంకా సరిగ్గా మూసుకోదు. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని మెడ పట్టేసింది. వదిన పంపిన స్వెటరు చేతులు పొట్టి. అయినా వేసుకుంటున్నాను, ఆవిడకి చెప్పకు.

ఇక నీ అసలు ప్రశ్న. "మీ ఆఫీసు కెమెరాలు నిజంగా పనిచేస్తాయట్రా? వ్యానుకి ఇన్సూరెన్సు అయిపోయి ఏడాదైంది, రోడ్డు పన్నూ కట్టలేదు, రోజూ వంతెన దగ్గర కెమెరా కిందనుంచే పోతున్నా. ఒక్క నోటీసూ రాలేదు. గుడ్డివి!" అని రాసి నవ్వావు. నవ్వడం ఆపి చదువు.

బండి వెళ్ళగానే కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీసి, అంకెలు చదివి, పన్నూ ఇన్సూరెన్సూ ఉన్న బళ్ళ జాబితాలో వెతుకుతుంది. దొరక్కపోతే ఆ ఫొటో నా తెర మీదకి వస్తుంది. మెషీను చదివిందీ ఫొటోలో ఉన్నదీ ఒకటేనా అని చూసి 'సరే' నొక్కడం నా పని. నొక్కితే నోటీసు ఇంటికెళ్తుంది. చూసి నొక్కాలి. నేను చాలాసార్లు చూడకుండానే నొక్కాను.

మంగళవారం మా ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చాడు. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. చేతిలో నోటీసుల కట్ట. "బాబూ, నా వ్యాను ఇంజను తీసేసి ఇటుకల మీద పెట్టి ఏడాదైంది. నడవని బండికి ఇన్సూరెన్సెందుకని కట్టలేదు. మీ కాగితమేమో రోజూ వంతెన దాటిందంటోంది. ఇటుకలతో సహా నడిచెళ్ళిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. సూపర్‌వైజరు మేడమ్ నన్ను పిలిచి, "ఫొటో తెరిచి చూడు, చివరి అంకె ఏడేనా?" అంది.

తెరిచాను. తెల్ల వ్యాను. చివరి అంకె తల మీద ఎడమవైపుకి బారుగా చాచిన కొమ్ము. గుర్తుపట్టావా? షాపుల బోర్డులు చూసి నా అంతట నేను నేర్చుకున్న రాత అది. నువ్వు వ్యాను కొన్నప్పుడు ప్లేటు రాసింది నేనే. ఒకటికి సోకుగా కొమ్ము పెట్టాను. "అదిరిందిరా" అని భుజం తట్టావు. కెమెరాకి అది ఏడు. దర్జీగారి వ్యాను నంబరు చివర ఉన్నది ఏడే, మిగతా అంకెలన్నీ నీవే. నీ నోటీసులన్నీ ఆయనింటికి పోతున్నాయి, అన్నయ్యా.

ఇప్పుడు రాయాల్సింది రాయడానికి చేయి రావడం లేదు. ఆయన ముందే, మేడమ్ ముందే, "ఏడేనండీ" అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని తెరకేసి చూశాడు. "నాకు మసకమసగ్గా ఉందిలే. చదువుకున్నవాడివి, నువ్వు చెప్తే అంతే అయ్యుంటుంది" అని వెళ్ళిపోయాడు. నేను చదువుకున్నవాణ్ణట!

నీ కోసమేగా అనుకున్నాను. రెండు రోజులకి మళ్ళీ ఆ ఫొటో పెద్దది చేసి చూశాను. ముందు సీట్లో వదిన, ఒళ్ళో చంటిది, అద్దానికి అరచెయ్యి ఆనించి. ఇన్సూరెన్సు లేని బండిలో! ఎవరినైనా గుద్దితే? మీకే ఏమైనా అయితే? ఎవడొస్తాడు?

ఈ ఉదయం మేడమ్ దగ్గరికెళ్ళి, "అది ఒకటి. రాసింది నేను. బండి మా అన్నయ్యది" అన్నాను. ఆవిడ "అదే కాగితం మీద రాసివ్వు" అంది. ఇచ్చాను. దర్జీగారి నోటీసులు రద్దు. నీవి నీకే వస్తాయి. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుస్తారు.

నా మీద కోపమొస్తే రానీ. నీ మీద నాకు అంతకంటే ఎక్కువుంది. కానీ ఉత్తరం అందిన నిమిషమే తాళంచెవి వదిన చేతికివ్వు. ఇన్సూరెన్సు కాగితం వచ్చేదాకా వ్యాను కదలకూడదు. నువ్వు ప్లేటు గీకకు, పాడుచేస్తావు. ఆదివారం బస్సులో బ్రష్షు పట్టుకుని నేనే వస్తాను. ఈసారి ఒకటిని ఒకటిలాగే రాస్తాను.

ఇట్లు,
కోపం దిగకపోయినా నీ కోసం భయపడుతున్న
నీ తమ్ముడు