కొండ ఎక్కని రైలు

పటేల్‌గూడ

ప్రియమైన ప్రసాదన్నా,

ఈ రైలును చెడగొట్టింది నువ్వే. చెడగొట్టి ఇంట్లో దాక్కున్నావు. ఫోన్ ఎత్తవు కాబట్టి కాగితం మీద తిడుతున్నాను.

కాలనీ హాల్లో పిల్లల కోసం మనిద్దరం కడుతున్న బొమ్మ రైలుమార్గం నీ సొంతం కాదు. మీటరు పొడవుకు రెండు సెంటీమీటర్లకు మించి ఎత్తు పెరగకూడదని నాకు నేర్పింది నువ్వు. అదే చేత్తో పట్టాలు పరిచిన బల్లను గజం మేర కోసేశావు. పట్టాలకు చోటు తగ్గింది, కొండ దారి నిటారైంది. నిన్న నాలుగు పెట్టెలు తగిలిస్తే ఇంజను చక్రాలు ఉన్నచోటే తిరిగాయి, బండి వెనక్కి జారింది. మా ఆవిడ పుష్పమ్మ చూసి, "గా ఇంజనుకు జెర చాయ్ తాపుండ్రి, ఎక్కుతదేమో" అన్నది. పిల్లలు ఒకటే నవ్వు.

బల్ల ఎందుకు కోశావు? వేదికకు జాగా కావాలని సంఘం అధ్యక్షుడు త్రినాథరావు అడిగితే తలూపావా? పెద్దమనుషులు కూర్చోవాలంటే కుదించేది ఎప్పుడూ పిల్లల జాగానే. సంఘం మీటింగులో ఈ వాలు గురించి నేనొక్కణ్ణే కొట్లాడాను. నువ్వు గోడకానుకుని చూస్తూ నిలబడ్డావు. ఆదివారం ప్రారంభం. వచ్చి జవాబు చెప్పు.

కోపం తగ్గని తమ్ముడు,
నర్సింహులు

*

ప్రియమైన నర్సింహులూ,

లెక్క మర్చిపోయి కోయలేదయ్యా. త్రినాథరావు అడగనూ లేదు. బల్లకీ గోడకీ మధ్య చక్రాల కుర్చీ తిరగాలని కోశాను.

రైలెక్కే ఆ బొమ్మ గుట్ట మీద ప్రతి రాయికీ రంగు వేసింది మా అమ్మాయి హరిచందన. జిన్నారం దారిలో ప్రమాదం జరిగాక అది మనసుపెట్టి చేసిన మొదటి పని. ఇంట్లో కుర్చీలో కూర్చునే ముక్కలు ముక్కలుగా చేసిచ్చింది. బల్ల మీద నిలబెట్టాక చూడనేలేదు. హాలుకి మెట్లున్నాయి కదా. నలుగురం ఎత్తుకుని తీసుకెళతామంటే, "నేనేం గ్యాస్ బండనా నాన్నా, మోసుకెళ్లి దించడానికి?" అంది.

మెట్ల పక్కన వాలు దారి కట్టించమని ఆ మీటింగులోనే అడిగాను. "ఒక్కరి కోసం అంత ఖర్చా? ప్రారంభం అయ్యాక చూద్దాం లెండి" అన్నాడు త్రినాథరావు. నువ్వు అప్పటికే మైకు లాక్కుని రెండు సెంటీమీటర్ల గురించి మొదలుపెట్టావు. గొంతున్నవాడివి, ఒక్కమాట మా వైపు అనలేదు. అందుకే రావడం లేదు. రైలుని నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో.

ఉంటాను,
ప్రసాద్

*

ప్రియమైన అన్నా,

నీ ఉత్తరం చదివి తిన్నగా హాలుకు పోయాను. మెట్ల ముందు నిలబడి ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత త్రినాథరావు ఇంటికి పోయాను.

"గా ప్లాస్టిక్ ఇంజనుకున్న ఇజ్జత్ మనిషికి లేదా సార్?" అన్నాను.

"ప్రతిదానికీ ఉద్యమం అంటారేంటండీ మీరు?"

"మీరే అనిపిస్తున్నరు. మాకేం సరదానా?"

ప్రారంభం కానివ్వమని మళ్లీ అదే పాట.

నువ్వు కోసిన బల్లను అతకలేదు. గుట్ట దగ్గర రెండు లైన్లు అడ్డంగా కలిసేచోట, కింది లైను మీదుగా దాటడానికే కదా పై లైనుకు అంత ఎత్తు? ఆ ఎత్తంతా పైదే ఎందుకు ఎక్కాలి? బల్ల మీది చెక్క కోసి కింది లైనును ఆ ఎత్తులో సగం మేర దించాను. పైది మిగతా సగం ఎక్కితే చాలు. ఇంజను నాలుగు పెట్టెలూ లాగింది. కుర్చీ దారి అలాగే ఉంది. బొమ్మ రైలుకు ఒక్క పూటలో దారి దొరికింది, మనిషికి ఆదివారం తర్వాత చూస్తారట. ఒళ్లు మండుతోంది.

నీ తమ్ముడు,
నర్సింహులు

హాలు తలుపు మీద అంటించిన డిమాండ్లు, నీకొక ప్రతి:

1. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున హాలుకు వాలు దారి కట్టాలి. అంతకన్నా నిటారుగా కడితే ఒప్పుకోం.
2. అది పూర్తయ్యేదాకా ప్రారంభం ఆపాలి.
3. బల్లకూ గోడకూ మధ్య దారిలో కుర్చీలు, మైకు పెట్టెలు పెట్టకూడదు.
4. గుట్ట పక్కన హరిచందన పేరు రాయాలి.
5. ఇది నీ ప్రతిలో మాత్రమే: రేపు టేపు పట్టుకుని రా. మెట్ల ఎత్తు కొలవాలి.