పంతులమ్మ తలకు బదులు ముక్కు నుంచే నమూనా తీసుకొనుట గురించి

పశువ్యాధి పరిశోధన కేంద్రం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా చూడి ఆవును దాని తల నిమిత్తం స్వాధీనపరచవలసిందిగా తమరు పంపిన ఉత్తర్వు నిలుపుదల కోరుట.

పాలమ్ముకుని బతికే నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. ఉత్తర్వులో "పాజిటివ్ జంతువు" అని తమరు పేర్కొన్న ఆవును మేము పంతులమ్మ అంటాము. కొట్టంలోకి ఎవరు అడుగుపెట్టినా తలెత్తి, లెక్క తప్పు చేసినవాళ్లని చూసినట్టు చూస్తుంది. అందుకని ఆ పేరు.

2. పోయిన చలికాలంలో సదరు పంతులమ్మకు జ్వరము, దగ్గు వచ్చి, ముక్కు ఎర్రగా కందిపోయి చీమిడి కారినది. తమ కేంద్రం డాక్టరమ్మ గారు వచ్చి మందిచ్చి, ముక్కులోంచి దూది పుల్లతో నమూనా తీసుకున్నారు. ఆవు కోలుకున్నది. డాక్టరమ్మ గారి మీద నాకే ఫిర్యాదూ లేదు.

3. ఆ నమూనాలో హెర్పిస్ జాతి వైరస్ ఉన్నట్టును, దాని జన్యువులు ఇంతకు ముందు చదివిన వాటితో కలవనట్టును తేలినది. డాక్టరమ్మ గారు ఫోనులో కొమ్మలూ రెమ్మలూ ఉన్న బొమ్మ చూపించి, "ఇదీ ఈ వైరస్ వంశవృక్షం. మీ ఆవుది మాత్రం ఇదిగో, ఈ విడి కొమ్మ. ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదండీ!" అని సంబరపడ్డారు. పక్కనే ఉన్న మా అత్తగారు, "మన ఇంట్లో మీ మామగారి తాత పేరే ఎవరికీ తెలీదు. దీనికి ఇంత వంశమా!" అన్నారు. అందరమూ నవ్వుకున్నాము. ఆ నవ్విన నోటితోనే ఇప్పుడు తమను బతిమాలుకుంటున్నాను.

4. జన్యువులు సగం చదివేసరికి నమూనా అయిపోయినదట. మళ్లీ పుల్ల పెడితే ముక్కులో ఏమీ దొరకలేదు. రోగం తగ్గినా ఈ వైరస్ ఒంట్లోంచి పోదనీ, తలలో ఒక నరాల ముడిలో దాక్కుని నిద్రపోతుందనీ, మిగతా సగం చదవాలంటే ఆ ముడి కావాలనీ తమరు సెలవిచ్చారు. ముడి కోసం తల, తల కోసం ఆవు. తమకు అది సగం మిగిలిన చదువు. మాకు అది ఆవు.

5. అది చూడితో ఉన్నది.

6. "జంతువును బెదరగొట్టక, ఒత్తిడికి గురిచేయక లారీ ఎక్కించవలెను" అని ఉత్తర్వులో ఉన్నది. ఎక్కించి ఎక్కడికి తీసుకుపోతారో రాసినవారికి తెలియదా? పైగా మొన్న వచ్చిన లారీ డ్రైవరు కొట్టం ముందు హారను మోగించి, వెనక తలుపు దబీమని దించాడు. పంతులమ్మ పలుపు తెంపుకుని గోడకు అతుక్కుపోయింది. సంతకం పెట్టే అధికారి రాలేదని లారీ తిరిగి వెళ్లిపోయింది. సోమవారం మళ్లీ వస్తుందట.

7. తమ ఆఫీసుకు వచ్చాను. కింద గుమాస్తా గారు "మా చేతుల్లో లేదమ్మా, పైన అడుగు" అన్నారు. పైన "కింద ఇచ్చి వెళ్లండి" అన్నారు. మధ్యలో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇది ఫిర్యాదు కాదు, జరిగినది తెలియజేయడమైనది.

8. డాక్టరమ్మ గారిని కాళ్లావేళ్లా పడి అడిగితే, "నిద్రపోయే వైరస్ ఒక్కోసారి తనంతట తనే లేచి ముక్కులోకి వస్తుంది. అప్పుడు పుల్ల చాలు, తల అక్కర్లేదు. ఎప్పుడు లేస్తుందో మాత్రం చెప్పలేం. బెదిరినా లేవొచ్చు. కానీ చూడి మీద లేవకూడదనే కోరుకోండి, కడుపు పోవచ్చు" అన్నారు. ఏమి కోరుకోవాలో నాకు పాలుపోవడం లేదు.

తమ పరిశోధన వద్దనడం లేదు. దానివల్ల మంచి టీకా వస్తే ఇంకొకరి కొట్టంలో దూడలు బతుకుతాయని డాక్టరమ్మ గారు చెప్పారు, నమ్ముతున్నాను. కావున వైరస్ లేచేవరకు గడువు ఇప్పించి, పై సంగతులన్నీ చిత్తగించి, ఆ తలను దాని మెడ మీదనే ఉండనివ్వవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
పంతులమ్మను మేపుకునే మనిషి

తా.క.: అయ్యా, ఈ కాగితం మడుస్తుండగా కొట్టంలోంచి దగ్గు వినిపించింది. పరుగెత్తి వెళ్లి చూస్తే పంతులమ్మ ముక్కు మళ్లీ ఎర్రబడింది, చీమిడి కారుతోంది. "లేచిందే!" అన్నారు మా అత్తగారు. ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా గంతులేశాను. ఆ తర్వాత దాని కడుపు మీద చెయ్యి పెట్టాను. దూడ కదులుతుందేమోనని చాలాసేపు అలాగే ఉన్నాను. ఇంకా ఏమీ తెలియలేదు. దగ్గుతూ కూడా అది నన్ను, లెక్క తప్పు చేసినదాన్ని చూసినట్టే చూస్తోంది. డాక్టరమ్మ గారిని పుల్ల ఇచ్చి పంపండి. లారీ వద్దు.