కోత పండగ నాటి ఆమెన్

నవంబర్ 3

కరుణాకర్ పాస్టర్ గారు ఒప్పుకున్నారు! రికమెండేషన్ లెటర్ ఆయనే రాస్తారట. బీటెక్‌లో నాకు చెప్పిన సివిల్ ఇంజనీరింగ్ సార్లిద్దరూ ముందే సరేనన్నారు గానీ వాళ్లకి నా గురించి తెలిసింది కాంక్రీటు వరకే. మతాల అధ్యయనంలో ఎం.ఏ. సీటు కావాలంటే, ఈ పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉందని చెప్పే మనిషి ఒకరుండాలి కదా. సండే స్కూల్లో నా ప్రశ్నలకి విసుక్కోనిది ఈయనొక్కరే.

నాన్నకి ఇప్పుడే చెప్పొద్దండీ అని బతిమాలాను. ఢిల్లీలో ఎం.టెక్.కి అప్లై చేస్తున్నానని నాన్న అద్దంకి అంతా చాటేశాడు. సీటొచ్చాక నేనే చెప్తాను. సరేనమ్మా, నా నోటి నుంచి రాదు అన్నారు పాస్టర్ గారు.

నవంబర్ 9

అప్లికేషన్‌తో పంపాల్సిన రైటింగ్ శాంపిల్ అయిపోయింది. మన చర్చి కోత పండగ మీదే రాశాను. అందరూ తొలిపంట తెచ్చి దేవుడి ముందు పెడతారు, పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, తర్వాత వాటినే వేలం వేస్తారు. బజార్లో ఎవరూ కన్నెత్తి చూడని గుమ్మడికాయకి ప్రార్థన అయ్యాక అంత పాట ఎందుకు? ఎస్టిమేట్లు వెయ్యడమే నా ఉద్యోగం. దీనికి మాత్రం వెయ్యలేకపోయాను. పాస్టర్ గారు చదివి భలే పట్టావే అని నవ్వారు.

నవంబర్ 23, ఆదివారం సాయంత్రం



కోత పండగ. చర్చి కిటకిటలాడింది. మిరపకాయల బుట్టలు, పత్తి మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వేలానికి ముందు పాస్టర్ గారు ప్రార్థన మనవులు మొదలుపెట్టారు. ఒకరికి షుగరు, ఒకరికి కోర్టు కేసు. తర్వాత నా పేరు. ప్రభువా, మా బిడ్డ మహిమ ఎం.టెక్. వదిలేసి అన్యుల మతాలు చదవాలనుకుంటోంది, కన్నతండ్రికి చెప్పే ధైర్యం కూడా లేదు, దాని మనసు మరల్చు తండ్రీ అన్నారు. ఇంతింత గొంతులేసుకుని అందరూ ఆమెన్.

కళ్లు తెరిచాను. నాన్న కూడా తెరిచి నన్నే చూస్తున్నాడు.

తిడితే తిరిగి తిట్టొచ్చు. ప్రార్థన చేస్తే ఏం చేస్తాం? చేతులు కట్టుకుని నిలబడాలి. నిలబడ్డాను, సిగ్గులేకుండా. ఏటా పోటీపడి పాడే నాన్న ఈసారి వేలంలో నోరు తెరవలేదు.

నవంబర్ 24

ఊరందరి తర్వాత నాకు తెలిసింది అన్నాడు నాన్న. అంతే.

నవంబర్ 26

అమ్మకి ముందే తెలుసట!

పాస్టర్ గారు వారం ముందే చెప్పేశారు. చర్చిలో ప్రార్థన పెట్టించమని అడిగింది అమ్మేనట. మేం చెప్తే నువ్వు వింటావా, నలుగురిలో అయితే సిగ్గుకైనా మానుకుంటావనుకున్నా అంది. నా కంచంలో నెయ్యి వేస్తూ చెప్పింది. నెయ్యి! అన్నం వదిలేసి లేచాను. ఆ వారమంతా నా పక్కన పడుకుని, నా తలకి నూనె రాసి, ఒక్క ముక్క చెప్పలేదు.

నవంబర్ 29

పాస్టర్ గారింటికి వెళ్లాను. కుర్చీ వేశారు, కాఫీ ఇప్పించారు. ఎందుకిలా చేశారండీ అన్నాను. ప్రార్థనే కదమ్మా చేసింది, నీ మీద ప్రేమ లేకపోతే చేస్తానా అన్నారు. మరి లెటరో అన్నాను. దేవుని చిత్తం ఎలా ఉందో చూద్దాం అన్నారు. అప్లికేషన్‌కి ఆఖరి తేదీ డిసెంబర్ పదిహేను, ఆలోపు చూడండి అన్నాను. నవ్వారు. ఆ కాఫీ ఆయన మొహాన కొట్టాలనిపించింది. తాగేసి వచ్చాను.

డిసెంబర్ 5

యూనివర్సిటీ పోర్టల్లో పాస్టర్ గారి లెటర్ ఇంకా పెండింగే.

డిసెంబర్ 7, ఆదివారం

దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్లు రండి అని పాస్టర్ గారు అనగానే లేచాను. అమ్మ చున్నీ పట్టుకుని లాగింది. లాక్కుని ముందుకెళ్లాను.

వందనాలు చెప్పి, నాదొక ప్రార్థన మనవి అన్నాను. పాస్టర్ గారు నాకు రెండు మాటలిచ్చారు, ఒకటి తప్పారు, రెండోదైనా నిలబెట్టుకునే బలం దేవుడు ఆయనకివ్వాలి, అందరూ ప్రార్థించండి అన్నాను. వెనక బెంచీలో పేరమ్మ మామ్మకి చెవుడు. ఏం విందో ఏమో, ఆమెన్ అని ఒక్క కేక పెట్టింది. అలవాటు కదా, సంఘమంతా అందుకుంది. పాస్టర్ గారూ అనక తప్పలేదు.

నాన్న నవ్వు ఆపుకోవడం చూశాను. ఇంటికొచ్చాక మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

డిసెంబర్ 15, ఉదయం 9

పాస్టర్ గారి లెటర్ వచ్చిందని మెయిల్. అందులో ఏముందో చూసే హక్కు నాకు లేదు. అప్లికేషన్ నింపేటప్పుడే వద్దని టిక్కు పెట్టాను, రాసేది ఈయనే కదా అని.

మంచే రాసుంటారు కదే అని అమ్మ రెండుసార్లు అడిగింది. రాసుంటారులే అన్నాను.

నమ్మకం లేదు. సబ్మిట్ కొట్టాను.