మావకి మంకీ టోపీ

మార్చి 2, ఆదివారం. ఉదయం 6:10

లేచాను! అలారం లేకుండా! కోయిల లేపింది. ముందు దాన్ని తిట్టాను, తర్వాత క్షమించాను. ఇవాళ్టి నుంచి నేను కొత్త మనిషిని.

సంగతి రాసి పెట్టుకుంటున్నాను. నిన్న జగన్నాధం మావ వచ్చాడు. అమ్మకి అన్న. అరసవల్లిలో రెండు ఆటోలున్నాయి, నడపడం నాకూ వచ్చు. పాతది నాకిచ్చేస్తాడని అమ్మ చెబితే చెయ్యి చాపాను. మావ తాళం చూపించి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఒరే గంగులూ, బడి తొమ్మిదిలో వొగ్గీసినావు. ఎల్డింగు పదకొండు రోజులు. సెల్లు రిపేరు మూడు వారాలు. గరివిడి ఫేక్టరీకి ఎల్లి ఒక్క షిఫ్టు సేసి వొచ్చీసినావు. ఎచ్చెర్లలో టిఫిన్ల కాడ మూడు రోజులు."

"నాలుగు" అన్నాను. నిజాయితీ ముఖ్యం.

"ఉగాదికి వస్తాను. ఏదో ఒక్క పని మొదలెట్టి ముగించి సూపించు. పిడకలు సేసినా పర్లేదు. ముగిస్తే ఆటో నీది. నేదంటే అమ్మీస్తాను."

ఇరవై ఎనిమిది రోజులు! ఆటో వెనకాల ఏం రాయించాలో రాత్రే ఆలోచించేశాను.

ఉదయం 9:00

పని దొరికింది! అటక మీద అమ్మ సంచి. ఎప్పుడో డ్వాక్రా ట్రైనింగులో ఇచ్చిన నీలం ఊలు, రెండు పుల్లలు. కూర్చుని చేసే పని. ఎండలో తిరగక్కర్లేదు. పైన తిట్టేవాడు లేడు. మావ చలికాలమంతా మంకీ టోపీ తియ్యడు. కాబట్టి మావకే మంకీ టోపీ. ఆయన పెట్టిన షరతు ఆయన నెత్తికే తొడుగుతా!

సంచి అడుగున ఆరు వరసలు అల్లిన బుల్లి ముక్క ఒకటి ఉంది.

"ఇదేటమ్మా?"

"నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు నీకు స్వెట్టరు మొదలెట్టేను. ఆరు వరసలయ్యేసరికి నువ్వు ఎదిగిపోనావు."

"మరి పెద్ద సైజు అల్లీవలసింది."

"మల్లీ ఎదుగుతావు గదరా!"

నా జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది.

మార్చి 3, సోమవారం. ఉదయం 6:00

అల్లిక నేర్పే వీడియోలో ఆవిడ చెప్పింది: చెట్టు కింద కూర్చుని అల్లండి, వసంతాన్ని చూడండి, మనసు నిలుస్తుంది.

ప్లాను:
1. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది, పెరట్లో మామిడి చెట్టు కింద అల్లిక.
2. రోజుకి ఎనిమిది వరసలు.
3. ఫోను ఇంట్లోనే. (వీడియో చూడాలి కాబట్టి ఫోను చెట్టు కిందే.)
4. వరసకొకసారి తలెత్తి ప్రకృతిని చూడాలి.

ఇవాళ చూసిన ప్రకృతి: మామిడి పూత. పిందెలు, బఠాణీ గింజంత. ఉడత ఒకటి. గోడ మీంచి పక్కింటి గురమ్మత్త.

"ఏటి సేస్తన్నావురా గంగులూ? వల అల్లుతన్నావా?"

"టోపీ అత్తా."

"ఎవులికి, ఏనుక్కా?"

వసంతంలో కొన్ని పిట్టలు అరుస్తాయి. పట్టించుకోకూడదు.

కుట్లు: అరవై. వరసలు: రెండు. మొదటి రోజు కదా.

మార్చి 5, బుధవారం

పద్నాలుగు వరసలు!!! చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి. పూత వాసనకి కడుపు నిండిపోతోంది. (తర్వాత చద్దన్నం కూడా తిన్నాను.) పూత మీది పురుగులు కార్చే జిగురు ఊలు మీద పడింది. వీడియోలో ఆవిడ చెట్టుకి పురుగుల్లేవు కాబోలు. అయినా మనసు నిలిచింది. నిజంగా నిలిచింది. ఇలా అయితే ఉగాదికి మావకి టోపీ, మిగిలిన ఊలుతో ఆటో సీటుకి కవరు.

కుట్లు లెక్కపెడితే అరవై ఆరున్నాయి. పెరగడం మంచిదే.

మార్చి 9, ఆదివారం

అరసవల్లి గుళ్ళో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజు. తెల్లవారకముందే వెళ్ళి లైన్లో నిలబడ్డాను. కిరణాలు నా ముందున్నాయన బట్టతల మీద పడ్డాయి. అక్కడి దాకా చూశాను. చాలా బాగా మెరిసింది.

అల్లిక: లేదు. దేవుడి పని.

మార్చి 10, సోమవారం

అల్లిక: లేదు. నిన్న నిలబడ్డ కాళ్ళు.

మార్చి 12, బుధవారం. ఉదయం 6:30

చెట్టు మీద ఎర్రచీమలు గూడు కడుతున్నాయి. ఒకదాని నడుం ఇంకొకటి పట్టుకుని, గొలుసులా వేలాడి, రెండు ఆకుల అంచులు దగ్గరికి లాగుతున్నాయి. ఇంకో చీమ తన పిల్లని నోట కరుచుకుని అటూ ఇటూ తిప్పుతోంది. ఆ పిల్ల నోట్లోంచి దారం! దాంతో ఆకులు కుట్టేస్తున్నాయి! గంటన్నర నోరు తెరుచుకుని చూశాను. వాటికి వీడియో లేదు. ఎవడూ ఆటో ఇస్తానని చెప్పలేదు. ఒక్క చీమ కూడా మధ్యలో వదిలేసి క్రికెట్‌కి పోలేదు.

వరసలు: సున్నా. కానీ ప్రకృతిని ఇంత శ్రద్ధగా పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

ఉదయం 8:05

చీమలు కూడా నన్ను శ్రద్ధగా చూశాయి. చొక్కా లోపలి నుంచి. తర్వాత లుంగీ లోపలి నుంచి. వివరాలు రాయను.

"డేన్సు బాగున్నాదిరా!" గోడ మీంచి గురమ్మత్త.

మార్చి 15, శనివారం

కుట్లు నలభై ఒకటి. మిగతావి ఎవరు పట్టుకుపోయారు? జారిన ప్రతిచోటా వేలు దూరేంత కన్నం. కొన్నిచోట్ల రెండు వేళ్ళు.

మొహానికి కన్నం ఎలా పెట్టాలో వీడియో రెండో భాగంలో ఉందట. ఆ భాగం దొరకలేదు. పర్లేదు. ఇప్పటికే ఉన్న కన్నాల్లో మావ తనకి నచ్చిన దాంట్లోంచి చూసుకోవచ్చు.

మార్చి 18, మంగళవారం

మా క్రికెట్ టీము రమేష్‌బాబుగాడు బండేసుకుని ఇంటి ముందుకొచ్చాడు. టోర్నమెంటు. కీపరు లేడు.

"నాను రాలేను బావా, పనున్నాది."

"ఏటి పని?"

చెప్పాను. వాడు బండి దిగి, మెట్టు మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. వాడి నోరు మూయించడానికే వెళ్ళాను. కీపింగు వేళ్ళకి మంచి వ్యాయామం. అల్లికకి పనికొస్తుంది.

మార్చి 19, 20, 21

వేళ్ళకి వ్యాయామం.

మార్చి 22, శనివారం

ఫైనల్లో ఓడిపోయాం. ఆఖరి బంతి నా వేళ్ళ మధ్యలోంచే పోయింది. వేళ్ళ మధ్య కన్నాలు కూడా పెరిగినట్టున్నాయి.

మార్చి 25, మంగళవారం. మధ్యాహ్నం 2:00

ఎండ మండిపోతోంది. ఊలు ముట్టుకుంటే చెమట. ఈ కాలంలో టోపీ అల్లడం మనిషి చేసే పనేనా? ప్లాను మార్చాను. టోపీ కాదు, సెల్లు సంచి. చిన్నదైనా ముగింపు ముగింపే.

2:10. అల్లినంత మేర మడిచి సెల్లు పెట్టి చూశాను. సెల్లు కింద పడింది. అద్దం మూల పగిలింది.

2:15. పుల్లలు పీకి, ఆ ముక్కని పెరట్లోకి విసిరేశాను. కోయిల అరుస్తోంది. అదొక్కటే అరుపు పొద్దస్తమానం. దానికి వేరే పని లేదా?

మార్చి 27, గురువారం

కన్యాకుమారి గారి ఫ్యాన్సీ షాపుకి వెళ్ళాను.

"మంకీ టోపీ ఉన్నాదా అండీ? అల్లినట్టుండాల."

"మార్చిలోనా? జొరమేటి బాబూ?"

పోయిన చలికాలం సరుకులో ఒక్కటి మిగిలింది. నీలం. నుదుటి మీద ఎర్రచార. ఎక్కడో చూసినట్టుంది. మంకీ టోపీలన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. బ్లేడుతో లేబులు కోసేశాను. అమ్మకి చెప్పలేదు.

మనసు ఎలా ఉంది: రాయను.

మార్చి 30, ఆదివారం. ఉగాది. మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న ఏడున్నరకి మావ పాత ఆటోలోనే వచ్చాడు. టోపీ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వే అల్లేవా?"

"నానే మావా."

"ఎన్ని రోజులు?"

"ఇరవై ఎనిమిది."

మావ ఆటో దగ్గరికెళ్ళి, సీటు కింద నుంచి తన టోపీ తెచ్చి పక్కన పెట్టాడు. నీలం. నుదుటి మీద ఎర్రచార.

"ఇది కన్యాకుమారి గారి కొట్లో కొన్నాను. ఇది కూడా నువ్వే అల్లీసినావేట్రా?"

రెండేళ్ళుగా ఆయన నెత్తి మీద చూస్తున్న టోపీ లాంటిదే కొని ఆయనకే ఇచ్చాను! ఈ భూమ్మీద ఇంకెవడూ చెయ్యడు.

తిడితే బాగుండేది. మావ తిట్టలేదు. తాళం జేబులో వేసుకుని, "రేపు అమ్మీస్తాను" అన్నాడు. అంతే.

అప్పుడే పెరట్లోంచి అమ్మ కేకేసింది. "పచ్చట్లోకి కాయ కొయ్యాల! ఒకలు ఇటు రండర్రా!"

వెళ్ళాం. అమ్మ చేతిలో కాయలు కోసే గడ. దాని చివర కాయ పడడానికి వల సంచి ఉంటుంది, చిక్కం. ఆ పాత చిక్కాన్ని ఎలకలు కొట్టేశాయి. దాని బదులు ఇప్పుడు గడకి వేలాడుతున్నది నీలంగా ఉంది. కన్నాలు కన్నాలుగా ఉంది. నాదే!

అమ్మ గడ ఎత్తింది. కాయ తెగి అందులో పడింది. ఊలు సాగింది. కాయ కిందికి, ఇంకా కిందికి దిగి, మావ ముక్కు ముందు ఆగి ఊగింది. తెగలేదు! రెండో కాయ. మూడో కాయ. తెగలేదు!

"ఇది ఎవులల్లేరు?" అన్నాడు మావ.

"ఈడే. పెరట్లో పారీసినాడు. అంచులు కలిపి, అడుగున ముడేసి నాను కట్టేను."

"నానే మావా! ఒట్టు! ఇది నిజంగా నానే!"

మావ చిక్కాన్ని కిందికి దించి కాయలు తీశాడు. పిడికిలి లోపల పెట్టి లాగి చూశాడు.

"మొదలెట్టింది నువ్వు. బాగున్నాది. మరి ముగించింది ఎవులు?"

కోయిల కూడా నోరు మూసుకుంది.

మావ తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "సిన్నతల్లీ, ఆటో నీది."

"నాకేటన్నియ్యా? నాకు బండొచ్చా ఏటి?" అంది అమ్మ. అంటూనే తాళాన్ని కొంగున ముడేసుకుంది. గట్టిగా. రెండు ముళ్ళు.

"ఒలే సిన్నతల్లీ! మొదట నన్ను ఎక్కించుకోవాల!" గోడ మీంచి గురమ్మత్త.

పచ్చడి తిన్నాం. నాకు చేదే తగిలింది.

సాయంత్రం 5:00

అమ్మ ఆటోలో డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. హారన్ కొడుతోంది.

"గంగులూ, నేర్పుతావేటి? రోజూ పొద్దున్న ఆరింటికి. మొత్తం నేర్పాల. ఆరు వరసలకి వొగ్గీకూడదు."

"నేర్సుకున్నాక బండి నాకిచ్చెస్తావా?"

"నేర్సుకున్నాక నీకెందుకిస్తానురా?"

మార్చి 31, సోమవారం. ఉదయం 5:50

లేచాను! అలారం లేకుండా! అమ్మ హారన్ లేపింది.

కొత్త ప్లాను:
1. రోజూ ఆరింటికి అమ్మకి ఆటో నేర్పాలి. రివర్సు వచ్చేదాకా.
2. అమ్మ పసుపూ కుంకుమా తెచ్చి చక్రాలకి బొట్లు పెట్టేలోపు వెనక సీట్లో అల్లిక.
3. ఫోను ఇంట్లోనే. (ఎలాగూ పగిలింది.)

సంచిలోంచి ఆ బుల్లి ముక్క తీశాను. ఆరు వరసలున్నాయి, ఏడో వరస నాది. చుట్టూ కుట్లు పెంచుకుంటూ పోతే స్వెట్టరవుతుంది. ఈసారి సైజుకి భయం లేదు. నేనింక ఎదగను.

6:05. ముప్ఫై కుట్లు వేశాను. లెక్కపెడితే ముప్ఫై రెండున్నాయి.

పెరగడం మంచిదే.