లేని వంతెన దాటుదాం రండి

ప్రియమైన అక్కకి,

అమ్మ తుంటి విరగ్గొట్టింది మన ఎమ్మెల్యే. ఊరంతా రిబ్బన్ బాబు అని పిలుచుకునే ఆ పెద్దమనిషే. కాలవలో రెండు స్తంభాలు లేపి, మీద చెక్కపలకలు పరిచి వదిలేశాడు. మొన్న మిల్లు నుంచి వస్తుంటే పలక విరిగి అమ్మ కింద పడింది. మర్నాడే ఆయనగారి ‘ప్రగతి నివేదిక’ ఇంటింటికీ వచ్చింది. “కాలవ వంతెనకు నిధులు తెచ్చాను, పనులు పూర్తయ్యాయి, నిశ్చింతగా నడవండి.”

ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అమ్మకి చదివి వినిపించాను. “ఎంత ముచ్చటగా రాశాడ్రా” అంది. రాసింది ఆయన ఆఫీసులో పనిచేసే నువ్వేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కా, ఆ చేత్తోనే అన్నం ఎలా తింటున్నావు?

ఎర్ర అట్ట కరపత్రంలో చదివాను: వినని చెవికి రాయే భాష. అమ్మని ఇంటికి తెచ్చాక ఆయన ఆఫీసు అద్దాలతో మాట్లాడతాను.

ఇంకా నీ తమ్ముణ్ణో కాదో,
నేను

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పని పూర్తయిందని కాంట్రాక్టరు చెప్పాడు, సారు రాయమన్నారు, రాశాను.

కరపత్రాలు చదివి చదివి ఉత్తరం కూడా మైకు ముందు నిలబడి రాస్తున్నావు. రాయి విసిరితే నువ్వు లోపలికి పోతావు, అద్దాలకి నిధులొస్తాయి. “ఆఫీసు మరమ్మతులకు నిధులు తెచ్చాను” అని మళ్లీ నేనే రాయాలి. వచ్చే నివేదిక నీ చేతికందేదాకా ఇల్లు కదలకు.

అక్క

అక్కా,

ఈసారి ‘ప్రియమైన’ లేదు. అమ్మ ఇక మిల్లుకి వెళ్లలేదని డాక్టరు తేల్చేశాడు. నివేదిక ఎవరు రాశారో కూడా అమ్మకి చెప్పేశాను. “దానిదేం తప్పు, ఉద్యోగం కదా” అంది. నాకంత మంచితనం లేదు. రాళ్లు ఏరి పెట్టాను. మీ సారుకి చెప్పుకో.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు మానేసినా నేను రాస్తాను ఆ మాట. కొత్త నివేదిక ఈపాటికి నియోజకవర్గంలో ప్రతి గడపకీ చేరి ఉంటుంది. సారు ఏదీ చదివి సంతకం పెట్టరు. పైపైన పొగడ్త కనిపిస్తే చాలు. మూడు పేరాలు పొగిడాను. నాలుగోది ఇది:

“కాలవ వంతెనను శంకించేవారి నోళ్లు మూయించడానికి, ఆదివారం ఉదయం పది గంటలకు కాంట్రాక్టరుతో కలిసి నేనే దానిపై నడుస్తాను. నడవలేకపోతే పదవిలో ఉండను. అందరూ వచ్చి చూడండి.”

పత్రికలవాళ్లకీ, నిధులిచ్చిన శాఖ పెద్ద ఇంజనీరుకీ కూడా పంపాను. ఫోన్లు మోగడం మొదలయ్యాక సారు తన నివేదికను తొలిసారి పూర్తిగా చదివారు. నా బల్ల ఖాళీ చేయించారు. పీడా పోయింది. శనివారం బండికి వస్తున్నాను.

రాళ్లు అక్కడే పారేయ్. నీ చేతులు ఖాళీగా ఉండాలి, అమ్మ చక్రాల కుర్చీ తోయడానికి. ముందు వరుస అమ్మదే. ఆ పలకల మీద కాలు పెడతాడో, తోక ముడుస్తాడో, ఆవిడ కళ్లలోకి చూస్తూ తేల్చుకోనీ.

వీధి వీధికీ చెప్పు. ఆదివారం, పొద్దున పదింటికి, కాలవ గట్టు మీద.

అక్క