రెండు ముక్కల డిక్షనరీ

చీపురుపల్లి,
8-7-1968.

చిరంజీవి పద్మకుమారికి పెదనాన్న జగన్నాధం దీవించి వ్రాయునది.

హాస్టల్లో పక్క మంచం పిల్లతో పదిహేను రోజులుగా మాట్లాడనిదానివి, స్నేహం మీద ఇంగ్లీషు వ్యాసం ఎలా రాస్తావే? ముందు దానికి జవాబు చెప్పు! అటుకులు మూటగట్టుకుని వచ్చిన కుచేలుణ్ణి చూసి శ్రీకృష్ణుడు మొహం తిప్పుకున్నాడా?

నీ ఉత్తరం అందింది. మీ టీచరు సుభద్రమ్మగారు మీ చేత పరిశోధన చేయిస్తున్నందుకు సంతోషం. స్నేహితురాలి గురించి పది ప్రశ్నలు. జవాబులు ఆమెను అడక్కుండా ఆమె ఇంటివాళ్ల దగ్గరే సంపాదించాలి. అంతేగా? మీ పక్క మంచం చిన్నతల్లిది ఆమదాలవలస కనుక, శుక్రవారం అక్కడ ప్రవచనం చెప్పడానికి వెళ్లినప్పుడు నేనే కనుక్కుంటాను. సముద్రం దాటి సీతమ్మ జాడ తెచ్చినవాడి భక్తుణ్ణి, నాలుగైదు స్టేషన్లు దాటలేనా?

ఆశీస్సులతో,
జగన్నాధం

తా.క. ఇంగ్లీషులో సాయం అడిగావు. నేను బడికి పోకుండా రైలుపెట్టెలు చదివి నేర్చుకున్నవాణ్ణి. ‘తల బయట పెట్టరాదు’, ‘గొలుసు లాగిన జరిమానా’ - ఈ రెండూ ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయగలను. వ్యాసంలో ఎక్కడైనా పనికొస్తాయేమో చూడు.

రాజాం,
10-7-1968.

పూజ్యులైన పెదనాన్నగారికి పద్మకుమారి నమస్కరించి వ్రాయునది.

కుచేలుడూ కృష్ణుడూ కలిసి డిక్షనరీ కొనుక్కోలేదు. మేం కొనుక్కున్నాం. ముందు నాకంటే నాకని లాక్కుంటే మధ్యకి చిరిగింది. ఏ నుంచి ఎల్ దాకా దాని దగ్గరుంది, ఎమ్ నుంచి జెడ్ దాకా నా దగ్గరుంది. ‘ఫ్రెండ్’ స్పెల్లింగు చూసుకుందామంటే అది దాని ముక్కలో ఉంది. ‘సారీ’ నా ముక్కలోనే ఉంది గానీ నేను చెప్పను.

పది ప్రశ్నలూ విడి కాగితం మీద రాసి పెట్టాను. ఒక్క మనవి. మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో ఎవరికీ చెప్పకండి. నా పేరు అసలే ఎత్తకండి. నేనే దిగొచ్చాననుకుంటుంది.

మీ
పద్మ

తా.క. బల్ల మీద పక్కనున్నవాళ్ల గురించే రాయాలని టీచరుగారి ఆజ్ఞ. లేకపోతే దాని గురించి నేనెందుకు రాస్తాను!

చీపురుపల్లి,
13-7-1968.

చిరంజీవి పద్మకు,

వెళ్లాను, సాధించాను! పట్టు ఉత్తరీయం వేసుకుని, నీ కాగితం జేబులో పెట్టుకుని చిన్నతల్లి ఇంటికి వెళ్లాను. ధాన్యం వ్యాపారం చేసే దాని మేనమామ నరసింగరావు పనిమీద ఎటో వెళ్లాడట. అమ్మమ్మ కూర్మమ్మగారు పీట వేసింది.

‘‘అమ్మా, మీ పిల్ల ఎన్నింటికి లేస్తుంది?’’ అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది. ‘‘కోడికంటె ముందే, బాబూ.’’

‘‘ఏమి తింటుంది?’’

‘‘ఏటెడితే అదే తింటాది. పేచీ నేదు.’’

‘‘కోపం వస్తే?’’

‘‘మా బంగారుతల్లికి కోపమేటి బాబూ! తలెత్తి మాటాడదు.’’

డిక్షనరీ చింపిన పిల్ల ఇల్లు ఇదేనా అని నాకే అనుమానం వచ్చింది. మూడో ప్రశ్నకి పక్కింటి మరిడమ్మ వచ్చి కూర్చుంది. ఐదో ప్రశ్నకి వీధంతా వచ్చింది. ‘‘మగపిల్లలెందరు బాబూ?’’ అన్నారు. ‘‘ఒక్కడే, సోములు. చక్కగా చదువుకుంటున్నాడు’’ అన్నాను. ఊరడిగారు, చెప్పాను. ఎకరాలడిగారు, చెప్పాను. గోత్రం అడిగారు, చెప్పాను. పురాణం చెప్పేవాడంటే వాళ్లకి ఎంత గౌరవమో! పరమాన్నం పెట్టి, తాంబూలమూ కొత్త కండువా ఇచ్చి పంపారు.

తొమ్మిది జవాబులూ వెనక రాశాను. పదోది నీ పొగరు తగ్గాక రాస్తాను.

జగన్నాధం

తా.క. నేను లేనప్పుడు ఒక పెద్దమనిషి మన ఇంటికి వచ్చి, నువ్వు ఎన్నింటికి లేస్తావు, ఏమి తింటావు అని అడిగాడట. పేరు చెప్పలేదట. ‘‘సంబంధమే!’’ అని మీ పెద్దమ్మ అసిరమ్మ తేల్చేసింది. నీకు కోపమంటే ఏమిటో తెలియదని చెప్పి తాంబూలం ఇచ్చింది. నిన్ను తీసుకురావడానికి మీ నాన్న గురువారం వస్తున్నాడు. అంతా దైవసంకల్పం. పెట్టె సర్దుకో.

రాజాం,
15-7-1968.

పెదనాన్నా!

సర్దుకోను. నేను చదువుకుని సుభద్రమ్మగారిలా టీచరునవుతాను. ఊరూ పేరూ చెప్పని మనిషికి తాంబూలం ఎలా ఇచ్చారు?

ఇంకా ఘోరం వినండి. చిన్నతల్లిని కూడా గురువారమే తీసుకుపోతారట. ఎవరో పెద్దాయన దాన్ని కొడుక్కి చేసుకుంటానని వచ్చి పోయాడని మా వంటమనిషి లక్ష్మణమ్మ చెప్పింది. అది ఆ మంచం మీద ఏడుస్తోంది, నేను ఈ మంచం మీద ఏడుస్తున్నాను. మధ్య జానెడు సందు. మాటల్లేవు.

చదువుకునే పిల్లని పెళ్లికి లాగే ఆ మనిషి ఎవరో గానీ ఒట్టి బుద్ధిలేనివాడు! మీరు వెళ్లి అతన్ని పట్టుకుని నాలుగు శ్లోకాలతో వాయించండి.

పద్మ

తా.క. అది నిన్నటినుంచి అన్నం తినలేదు. నాకూ దిగడం లేదు. దాని కోసమని కాదు.

చీపురుపల్లి,
17-7-1968.

చిరంజీవి పద్మకు,

నువ్వు చెప్పిన బుద్ధిలేనివాణ్ణి పట్టుకున్నాను. మన గోడ అద్దంలోనే దొరికాడు.

నిన్న పొద్దున్న నరసింగరావు ముహూర్తం మాట్లాడాలని పళ్లబుట్టతో దిగాడు. గుమ్మంలోనే తెల్లబోయి నిలబడిపోయాడు. మీ పెద్దమ్మ కేక వేసింది: ‘‘మన పద్మ కోసం అడిగిన బాబు ఈయనే!’’ అతను తేరుకుని ‘‘మరి పెళ్లికొడుకేడండీ?’’ అన్నాడు. అంతలో సోములు గోళీలు ఆడుకుంటూ లోపలికి వచ్చాడు. వాడికిప్పుడు ఎనిమిదో ఏడు కదా!

అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. నేనూ తీశాను. అవే పది ప్రశ్నలు! తన పేరు ఎత్తవద్దని చిన్నతల్లి కూడా మేనమామకి రాసిందట.

కొత్తమనిషి ఆడపిల్ల గురించి ఆరాలు తీస్తే మనవైపు దానికి ఒక్కటే అర్థం. పదిమందికి బుద్ధులు చెప్పే నాకే అది తట్టలేదు. లంకలో హనుమంతుడంతటివాడు మండోదరిని చూసి సీతమ్మేననుకుని గంతులు వేశాడు, తప్పు తెలిసి మళ్లీ వెతికాడు. నా తప్పూ నాకు తెలిసింది. మీ నాన్నని ఆపాను. నరసింగరావు కూర్మమ్మగారికి నచ్చజెప్పడానికి దొరికిన మొదటి బండికే వెళ్లాడు. మీ ఇద్దరినీ ఎవరూ బడి మాన్పించరు.

ఇక పదో ప్రశ్న. ఆమెకు అందరికంటె దగ్గరివారెవరు? కూర్మమ్మగారు ఆలోచించనైనా లేదు. ‘‘రాజాంలో పద్మని ఒకర్తున్నాది బాబూ. సెలవులకొస్తే దాని ఊసెత్తకుండా ముద్ద మింగదు’’ అంది. నరసింగరావు కాగితం మీద, మీ పెద్దమ్మ చెప్పగా రాసుకున్న పేరు ఏమిటో తెలుసా? చిన్నతల్లి.

ఆశీస్సులతో,
జగన్నాధం

తా.క. పెళ్లి తప్పిపోయిందని సోములు ఒకటే ఏడుపు. వాడి బాధ వాడిది. ఈ ఉత్తరంతో బాటు బస్సు కండక్టరు నూకయ్య చేతికి సూదీ, గట్టి దారమూ ఇచ్చాను. రేపంటే ఊరుకోను! కాగితం మడవకముందే లే. ఆ జానెడు సందు దాటు. నీ ముక్కలో ఉన్న మాట నువ్వు చెప్పు, దాని ముక్కలో ఉన్న మాట అది చెబుతుంది. ఇద్దరూ కలిసి అన్నం తిని, ఆ డిక్షనరీ కుట్టెయ్యండి. ఇవాళే, ఇప్పుడే!